మా ఆఫీసు పెట్టె: చీరల ఫోటోలు, రెండు హార్డ్‌డిస్కులు, బుడమేరు

2022 దసరాకి మూడు వారాల ముందు ఒక చీరల షాపు ఓనరు గారు ఫోన్ చేశారు. “ఏమండీ, మన వెబ్‌సైట్‌కి తీయించిన ఫోటోలు మీ దగ్గర ఉన్నాయిగా, ఒరిజినల్స్ కాస్త పంపించండి. ఫ్లెక్సీలు కొట్టించాలి” అన్నారు. సైట్‌లో ఉన్నవి ఇందుకు పనికిరావు. పేజీ తొందరగా తెరుచుకోవాలని ఒక్కో ఫోటోని 150 కేబీ దాకా కుదించి పెట్టాం. దాన్ని ఇరవై అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే పట్టుచీర జరీ అంచు గళ్ల లుంగీలా కనిపిస్తుంది. ఫోటోగ్రాఫర్‌ని అడిగితే కార్డులు ఎప్పుడో ఖాళీ చేసేశానన్నాడు. “మీకు ఇచ్చేశానుగా అన్నా!” అన్నాడు. నిజమే, ఇచ్చాడు. పాలిథీన్ కవర్లో చుట్టి మరీ ఇచ్చాడు. వాటిని మేం ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, దాని మీద స్కెచ్ పెన్‌తో ‘క్లయింట్ ఫోటోలు – 2’ అని రాసి సొరుగులో పెట్టాం.

ఆ డిస్కు తీసి ల్యాప్‌టాప్‌కి పెడితే టక్, టక్, టక్ అంది. కాసేపు ఆగి మళ్లీ టక్, టక్. ఈ పనిలో ఉన్నవాళ్లకి ఆ శబ్దం తెలుసు, డిస్కు పోయిందని అర్థం. డేటా రికవరీ షాపుకి తీసుకెళితే ముప్పై వేల పైన అడిగారు, ఇచ్చాం. పదకొండు వందల ఫోటోల్లో ఆరు వందల చిల్లర చేతికొచ్చాయి. విషయం ఓనరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. “సరేలెండి” అన్నారు, అంతే. మరుసటి ఏడాది మెయింటెనెన్స్ రెన్యూ చేసుకోలేదు. ఆ ‘సరేలెండి’ నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

నాస్ కొందామన్న ఆలోచన అలా మొదలైంది. కొని రెండేళ్లు దాటింది. “ఏ మోడల్ తీసుకోమంటారు?” అని మాలాంటి చిన్న ఆఫీసుల వాళ్లు అడుగుతుంటారు కాబట్టి ఇది రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను: ఐదారుగురు ఉండే వెబ్ డిజైన్ ఆఫీసుకి ఏ పెట్టె అనేది చాలా చిన్న ప్రశ్న. మీరు కొనగలిగిన దానికంటే ఒక మెట్టు చవకది కొనండి. మిగిలిన డబ్బు ఆ పెట్టె బయట ఖర్చు పెట్టండి.

నాస్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. హార్డ్‌డిస్కులు పెట్టుకునే ఒక చిన్న కంప్యూటర్ అది. మానిటర్, కీబోర్డు ఉండవు. రౌటర్‌కో స్విచ్‌కో తీగ కలిపితే ఆఫీసులో అందరి సిస్టమ్స్‌లోనూ ఒక ఫోల్డర్‌లా కనిపిస్తుంది. అంతకుమించి బ్రహ్మవిద్యేమీ లేదు.

కొనేముందు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని, మా దగ్గర అసలేం ఉందో లెక్క తీయడం. అందరి ల్యాప్‌టాపులు, సొరుగులోని డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు ఒక ఆదివారం ముందేసుకుని కూర్చున్నాను. ఏడేళ్ల పని అంతా కలిపి 1.4 టీబీ తేలింది. అందులో 1.1 టీబీ క్లయింట్లు ఇచ్చిన ఫోటోలు, వీడియోలే. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్ ఫైళ్లు 220 జీబీ. మిగతాది డేటాబేస్ కాపీలు, బిల్లులు, అగ్రిమెంట్లు, నాలుగేసి సార్లు దాచుకున్న అవే జిప్ ఫైళ్లు. ఇక కోడ్, అంటే మేం రాత్రింబవళ్లు కూర్చుని రాసింది, డబ్బులు తీసుకునేది దేనికో అది, మొత్తం 6 జీబీ. పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది!

పైగా ఆ కోడ్ గిట్‌లో, అంటే కోడ్ మార్పుల్ని చరిత్రతో సహా దాచే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. గిట్ పద్ధతే అంత, పని చేసే ప్రతివాడి ల్యాప్‌టాప్‌లోనూ చరిత్రతో సహా పూర్తి కాపీ ఉంటుంది, సర్వర్లో ఇంకోటి. మా ఆఫీసు తగలబడినా కోడ్ పోదు. ఫిగ్మా అనే ఆన్‌లైన్ డిజైన్ టూల్లో గీసినవి వాళ్ల సర్వర్లలో ఉంటాయి. లైవ్ సైట్ హోస్టింగ్‌లో ఉంటుంది. లోకంలో మరెక్కడా లేనిది, పోతే మళ్లీ పుట్టనిది, మేం తయారు చేసింది కాదు. షాపు వాళ్లు మమ్మల్ని నమ్మి ఇచ్చిన ఫోటోలు. ఫోటోగ్రాఫర్ చెరిపేస్తాడు, షాపు వాళ్లు దాచుకోరు. “మీ దగ్గర ఉంటాయిగా” అనుకుంటారు. ఏ అగ్రిమెంట్లోనూ రాయకుండానే మేం వాళ్ల బీరువా అయిపోయాం.

అందుకే, వెబ్ ఆఫీసు నాస్ అనగానే ప్రాసెసర్ ఏంటి, డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుందా, దాంట్లోనే టెస్ట్ సర్వర్ పెట్టొచ్చా అని మొదలుపెట్టేవాళ్లతో నాకు పేచీ. నేనూ మొదట్లో అలాగే మొదలుపెట్టాను. నాలుగు డిస్కుల పెట్టె, పది గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, వేగం కోసం ఎస్‌ఎస్‌డీ, అన్నీ రాసుకుంటే డిస్కులతో కలిపి లక్ష దాటింది. లెక్క తీశాక ఆ కాగితం చించేశాను.

క్లౌడ్ ఉండగా పెట్టె ఎందుకని మా బావమరిది వాదన. అతను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, అతని కంపెనీలో ఆఫీసు గదిలో డిస్కు అనేదే కనపడదు. అతని మాట కొట్టిపారేసేది కాదు. మీరు ఇద్దరో ముగ్గురో ఉండి, ఎవరింట్లో వాళ్లు పని చేసుకుంటుంటే, మొత్తం సరుకు అర టీబీ లోపుంటే, పెట్టె కొనకండి. క్లౌడ్ సరిపోతుంది, మీకు ఈ వ్యాసంతోనూ పని లేదు.

మా సంగతి వేరు. ఐదుగురం బెజవాడ లబ్బీపేటలో ఒకే గదిలో కూర్చుంటాం. ఇద్దరు డిజైనర్లు రోజంతా 800 ఎంబీ ఫైళ్లు తెరిచి మూస్తుంటారు. గిగాబిట్ తీగ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే ఆ ఫైలుకి ఏడెనిమిది సెకన్లు. అదే 100 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ మీదైతే అన్నీ సవ్యంగా ఉన్నా నిమిషం పైనే. రోజుకి నలభై సార్లు ఆ నిమిషం ఎదురుచూడటం ఎవరివల్లా కాదు. వాళ్లేం చేస్తారంటే ఫైల్ని డెస్క్‌టాప్ మీదకి లాక్కుని అక్కడే పని చేసుకుంటారు, తిరిగి ఎక్కించడం మర్చిపోతారు. మొదటికే మోసం.

పెట్టె ఎంపిక త్వరగా తేల్చేశాను. సైనాలజీ, క్యూనాప్ రెండూ తైవాన్ కంపెనీలే, రెంటిలోనూ చిన్నాఫీసుకి సరిపడేవి ఉన్నాయి. 2023లో నేను సైనాలజీ డీఎస్ 223 తీసుకున్నాను. రెండు డిస్కులు పడతాయి, 2 జీబీ ర్యామ్, ఒక గిగాబిట్ పోర్టు. గొప్ప పెట్టేం కాదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (డిస్కులో ఫైళ్లు పేర్చే ఒక పద్ధతి), స్నాప్‌షాట్లు (వీటి సంగతి కింద చెబుతాను) ఉన్నాయా లేదా అనేది మాత్రం పట్టుబట్టి చూశాను. పాత డెస్క్‌టాప్‌లో, దాన్ని నాస్‌గా మార్చే ట్రూనాస్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే పెట్టె ఖర్చే ఉండదని ఒక ఫ్రెండ్ అన్నాడు. సరదాగా నేర్చుకోవడానికైతే బ్రహ్మాండం. కానీ నేను రాజమండ్రిలో పెళ్లిలో ఉన్నప్పుడు అది మొరాయిస్తే ఆఫీసులో ఎవరు చూస్తారు? ఫోన్లో “ఆ నల్ల స్క్రీన్ మీద ఏం రాసుందో చదువమ్మా” అని తాళి కట్టే టైంలో అడగలేను. ఈ చిన్న పెట్టె లాగేది దాదాపు 15 వాట్లు, రోజంతా ఆన్‌లో ఉన్నా నెలకి పదకొండు యూనిట్లు. పాత డెస్క్‌టాప్ దీనికి మూడు నాలుగింతలు కాలుస్తుంది.

ఆ కంపెనీ మీద నాకో గుర్రు కూడా ఉంది. 2025లో కొత్త ప్లస్ మోడళ్లలో తమ ముద్ర ఉన్న డిస్కులే వాడాలని మెలిక పెట్టారు. వాడేవాళ్లు గోల పెట్టాక అదే ఏడాది అక్టోబరులో వెనక్కి తగ్గారు. మా పెట్టెకి ఆ తగువు తగల్లేదు గానీ, తాళం వాళ్ల చేతిలో ఉందన్న సంగతి అర్థమైంది.

డిస్కుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. షాపులో “4 టీబీ డిస్కు ఇవ్వండి” అంటే చాలదు, సీఎంఆర్‌దా ఎస్‌ఎంఆర్‌దా అని అడగాలి. సీఎంఆర్‌లో డేటా గీతలు పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ అంటే పెంకుటిల్లు లాంటిది. డేటా గీతల్ని ఒకదాని మీద ఒకటి కాస్త కప్పుకునేలా పేరుస్తారు, అలా తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. మరి పెంకుటింట్లో మధ్యలో ఒక పెంకు పగిలితే ఏం చేస్తాం? దాని మీదున్నవన్నీ ఎత్తి, దాన్ని మార్చి, మళ్లీ అన్నీ పేర్చాలి. ఈ డిస్కు కూడా పాత చోట రాయాల్సి వచ్చినప్పుడల్లా అదే చేస్తుంది. మామూలుగా ఫైళ్లు దాచుకోడానికి ఫర్వాలేదు. నాస్‌లో ఒక డిస్కు పోయి, కొత్తది పెట్టి మొత్తం తిరగరాయాల్సి వచ్చిన రోజున ప్రాణం తీస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్లు నాస్ కోసమని అమ్మే రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్‌ఎంఆర్‌వని బయటపడి పెద్ద గొడవైంది. ఆ తర్వాతే సీఎంఆర్ వాటికి రెడ్ ప్లస్ అని పేరు పెట్టారు. సీగేట్ ఐరన్‌వుల్ఫ్ సీఎంఆరే. నేను ఊళ్లో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాను. ఒకే రోజు ఒకే అట్టపెట్టెలోంచి వచ్చిన కవల డిస్కులు పోతే కలిసే పోతాయేమోనని నా భయం.

పెట్టాక మా జూనియర్ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న: “అన్నా, రెండు నాలుగులు ఎనిమిది టీబీ కదా, 3.6 చూపిస్తోందేంటి?” ఎనిమిది కాకపోవడానికి కారణం రెండోది మొదటిదానికి జిరాక్సు కాబట్టి. దీన్నే రెయిడ్-1 అంటారు. నాలుగు కూడా కాకపోవడానికి కారణం, డిస్కు కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తే కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది కాబట్టి. బంగారం కొట్లో తరుగులా దీన్ని మనసులో ముందే తీసేసుకోవాలి.

ఇప్పుడు అసలు తగాదా. “రెండు డిస్కులున్నాయిగా, ఇంక బ్యాకప్ ఎందుకు?” ఈ మాట నాకు తెలిసిన అరడజను ఆఫీసుల్లో విన్నాను. రెయిడ్ అనే పేరు 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపరుతో ప్రచారంలోకి వచ్చింది. ఒక పెద్ద ఖరీదైన డిస్కు బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకుందాం, ఒకటి పోయినా బండి ఆగకూడదు అన్నది వాళ్ల ఆలోచన. బండి ఆగకపోవడం వరకే దాని హామీ. అద్దం ముందు నిలబడి మీ నుదుటి మీద బొట్టు చెరుపుకుంటే అద్దంలో బొట్టు మిగులుతుందా? ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండో డిస్కులోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ వచ్చి ఫైళ్లకి తాళం వేస్తే రెంటికీ వేస్తుంది. దొంగ వస్తే పెట్టె మొత్తం ఎత్తుకుపోతాడు, ఒక డిస్కు మీకు వదిలి వెళ్లడు.

దీనికి సగం విరుగుడు స్నాప్‌షాట్. ఫలానా గంటకి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో పెట్టె గుర్తుపెట్టుకుంటుంది. అన్నిటినీ మళ్లీ కాపీ చేయదు, ఆ తర్వాత మారిన ముక్కల్నే వేరేచోట రాస్తుంది. అందుకని పెద్దగా చోటు తినదు. మేం పనివేళల్లో గంటకొకటి పెట్టాం. పోయినేడు ఒక శుక్రవారం సాయంత్రం మా డిజైనర్ అమ్మాయి ‘ఫైనల్’ అన్న ఫోల్డర్ పాతదనుకుని తీసేసింది. ‘ఫైనల్ 2’, ‘ఫైనల్ లాస్ట్’, ‘ఫైనల్ ఓకే’ అని ఇంకా మూడున్నాయి, పాపం ఆమె తప్పేముంది! క్లయింట్ ఓకే చేసింది మాత్రం అసలు ‘ఫైనల్’లోనే ఉంది. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. నాలుగు గంటలప్పటి స్నాప్‌షాట్ తెరిచి ఫోల్డర్ వెనక్కి తెచ్చేసరికి మా టీలు ఇంకా చల్లారలేదు. స్నాప్‌షాట్ కూడా ఆ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి సగం విరుగుడు అన్నాను. మిగతా సగం తర్వాత చెబుతాను, దాని కథ పెద్దది.

పెట్టె వచ్చిన మొదటి వారంలోనే రెండు దెబ్బలు తిన్నాం. రెండూ పెట్టె తప్పులు కావు.

మొదటిది తీగ. ఎంత పెద్ద ఫైలు వేసినా సెకనుకి 11 ఎంబీ దగ్గర ఆగిపోయేది. పదీ కాదు, పన్నెండూ కాదు, పదకొండు. నేను డిస్కుల్ని అనుమానించాను, సెట్టింగులన్నీ తిరగేశాను, రెండు రాత్రులు నిద్రపోలేదు. తర్వాత వెలిగింది: 100 ఎంబీపీఎస్‌ని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర, అందులో దారి ఖర్చులు పోతే పదకొండు. అంటే ఎక్కడో లైను గిగాబిట్ లేకుండా పాత వందలో నడుస్తోంది. తీగేమో మంచి క్యాట్-6, స్విచ్ కొత్తది. గోడ మీది సాకెట్ విప్పి చూస్తే, లోపల ఎనిమిది వైర్లలో నాలుగే బిగించి ఉన్నాయి. నారింజ జత, ఆకుపచ్చ జత నెట్‌కి. నీలం జత, గోధుమరంగు జత పక్కకి లాగి కింద వాచ్‌మన్ గది ఇంటర్‌కమ్‌కి కలిపాడు, మా కంటే ముందు ఎవరికో వైరింగ్ చేసిన మహానుభావుడు. వంద ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. ఏళ్ల తరబడి ఇంటర్నెట్ బాగానే వచ్చింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇంటర్‌కమ్‌కి వేరే తీగ వేయించి ఎనిమిదీ బిగిస్తే పదకొండు కాస్తా నూట పన్నెండైంది. ఖర్చు నాలుగు వందలు. లక్ష రూపాయల పెట్టె కొని ఉన్నా ఆ గోడ దగ్గర పదకొండే వచ్చేది.

రెండోది మా అత్యాశ. అన్నీ నాస్‌లోనే ఉండాలని ప్రాజెక్టుల కోడ్ ఫోల్డర్లు కూడా అందులోకి తరలించాం. మా జూనియర్ ఒక ప్రాజెక్టుకి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (కావాల్సిన రెడీమేడ్ కోడ్ దించుకునే కమాండ్) కొట్టి, కింద టీ తాగి, ఫోన్ మాట్లాడి, తిరిగొచ్చినా అది నడుస్తూనే ఉంది. అలా దిగిన కోడ్ ఉండే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్లో ముప్పై నలభై వేల చిన్న చిన్న ఫైళ్లుంటాయి. 1 జీబీ వీడియో ఒక్కటైతే తొమ్మిది పది సెకన్లలో వెళ్లిపోతుంది. ఒక బస్తా బియ్యం ఒకేసారి మోసినట్టు. అదే బియ్యాన్ని గింజ గింజా లెక్కపెట్టి, ఒక్కో గింజకీ “వచ్చిందా?” “వచ్చింది” అని రసీదు తీసుకుంటూ మోస్తే ఎలా ఉంటుందో నెట్‌వర్క్ మీద నోడ్ మాడ్యూల్స్ అలా ఉంటుంది. కోడ్ ఎవరి ల్యాప్‌టాప్‌లో వాళ్లదే, గిట్ ద్వారానే పంచుకోవడం అని ఆ రోజే రూలు పెట్టాం. నాస్‌లో కోడ్‌కి సంబంధించి ఉండేది రాత్రిపూట తీసే గిట్ కాపీ ఒక్కటే.

డేటాబేస్ కాపీల గురించి ఒక మాట. అందులో క్లయింట్ల కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక ఇవి ఆస్తి కంటే బరువనిపిస్తున్నాయి. తొంభై రోజులు దాటినవి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టాం. డెంటల్ క్లినిక్ అపాయింట్‌మెంట్ల లిస్టు నా దగ్గర ఐదేళ్లు ఉండాల్సిన పనేముంది?

ఇంటి నుంచి నాస్ తెరవాలని మా వాళ్లందరికీ కోరిక. రౌటర్లో పోర్టు, అంటే బయటి నెట్‌కి ఒక తలుపు, తెరిస్తే పనైపోతుందని నెట్‌లో వంద వీడియోలున్నాయి. దయచేసి తెరవకండి. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ ఇంటర్నెట్‌కి ముఖం చూపిస్తున్న క్యూనాప్ పెట్టెల మీద పడి, ఫైళ్లకి తాళం వేసి, ఒక్కొక్కరినీ 0.03 బిట్‌కాయిన్ అడిగింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వారి పాత మై బుక్ లైవ్ పెట్టెల్ని ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తే, ఎంతోమంది నిద్ర లేచి చూసేసరికి ఖాళీ. వీళ్లెవరూ మూర్ఖులు కారు, తలుపు తీసి పెట్టుకున్నారంతే. మన దగ్గర చాలా నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రసుని అనేక ఇళ్లకి పంచి ఇస్తాయి కాబట్టి పోర్టు తెరుద్దామన్నా తెరుచుకోదు. అందరూ దాన్ని తిట్టుకుంటారు, నాకు మాత్రం అది తెలియకుండా కట్టిన గోడలా అనిపిస్తుంది. మేం టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాం. మా ల్యాప్‌టాపులూ, ఆ పెట్టె కూడా తమలో తాము మాట్లాడుకుంటాయి, బయటివాడికి తలుపే కనపడదు.

యూపీఎస్ కొనండి, యూఎస్‌బీ తీగ ద్వారా నాస్‌తో మాట్లాడేది. కరెంటు పోయి బ్యాటరీ అడుగంటుతుంటే అది చెబుతుంది, పెట్టె తనంతట తాను మర్యాదగా ఆగిపోతుంది. ఇన్వర్టర్ ఉందిగా అనకండి, కరెంటు మారే ఆ క్షణంలో పెట్టె రీస్టార్ట్ కావడం నేను చూశాను. ఇంకో సంగతి. బెజవాడలో దసరా అంటే తెలుసుగా, ఆయుధపూజ నాడు మా అమ్మ ఆఫీసుకి వచ్చి నాస్‌కి కూడా పసుపు, కుంకుమ, బంతిపూలు పెట్టింది. రెండ్రోజులకి ఫ్యాన్ గుర్రుమంటోంది, చూస్తే వెనక జాలీలో బంతి రెక్కలు. అప్పటి నుంచి బొట్టు ముందువైపు ఒక్కటే, పూలు యూపీఎస్‌కి.

మొత్తం బిల్లు, పెట్టె, రెండు డిస్కులు, స్విచ్, యూపీఎస్ కలిపి యాభై వేల లోపు తేలింది. మొదట అనుకున్న లక్షలో మిగిలిన సగం దేనికి దాచానంటే, ఇదిగో ఇందుకు.

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఊరి అవతల. దీన్ని 3-2-1 అంటారు, పీటర్ క్రో అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క. ఫోటోగ్రాఫర్ నోటి నుంచి రావడంలో ఆశ్చర్యం లేదు. నేను ఆ రూలు చదివి, నా తెలివి కొద్దీ పాటించాను. వారానికోసారి నాస్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించి సింగ్‌నగర్‌లో మా ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. ఆఫీసుకీ ఇంటికీ మధ్య కొన్ని కిలోమీటర్లు, వేరే చోటే కదా!

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగుకి గండ్లు పడ్డాయి. పొద్దున వాకిట్లో నీళ్లు చూసి, డ్రైనేజీ పొంగిందనుకున్నాం. మధ్యాహ్నానికి మంచం మునిగింది. పిల్లల్నీ అమ్మనీ పట్టుకుని పైవాటా వాళ్లింట్లోకి ఎక్కాం. సర్టిఫికెట్లు, బంగారం తీసుకున్నాను. డిస్కు బీరువా కింది అరలో ఉందన్న సంగతి మూడో రోజు పడవలో పాల ప్యాకెట్లు వచ్చినప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయిందని, అంత ఎప్పుడూ లేదని ఫోన్లో వార్తలు. అటు కృష్ణ, ఇటు బుడమేరు, ఆఫీసులో పెట్టె, ఇంట్లో కాపీ. ఊరి మ్యాపు అప్పుడు మనసులో గీసుకుంటే కడుపులో తిప్పింది. ఆఫీసు రెండో అంతస్తు కాబట్టి పెట్టెకేమీ కాలేదు. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే డిస్కు ఒండ్రు ముద్దలో ఉంది. కడిగి ఆరబెట్టాను, ఎందుకో. పని చేయదని తెలిసీ చాలా రోజులు పారేయలేకపోయాను.

సరే, బెజవాడ దాటిద్దాం, ఖమ్మంలో అక్క ఇంట్లో పెడదామని ఫోన్ చేశాను. “ఒరే, మా వీధిలోకి మున్నేరు వచ్చింది, నువ్వు వార్తలు చూడట్లేదా?” అంది. అదే ఆదివారం! ఒకే వాన రెండు ఊళ్లనీ ముంచింది. ఊరు వేరైతే చాలదు, వాన కూడా వేరవ్వాలన్నమాట.

ఇప్పుడు ఒక డిస్కు కూకట్‌పల్లిలో మా తమ్ముడి ఫ్లాట్‌లో ఉంటుంది, ఐదో అంతస్తు. రెండు నెలలకోసారి ఎవరో ఒకరం హైదరాబాద్ వెళ్లినప్పుడు మార్చుకుంటాం. దాంతోపాటు క్లయింట్ల ఫోటోలు మాత్రం, అంటే ఆ 1.1 టీబీ, క్లౌడ్ స్టోరేజ్‌కి వెళుతుంది. ఇక్కడ బావమరిదితో రాజీ పడ్డాను. రోజూ తెరిచే ఫైళ్లకి క్లౌడ్ నచ్చలేదు గానీ, తెరవాల్సిన అవసరం రాకూడదని మొక్కుకునే కాపీకి అంతకంటే మంచి చోటు లేదు. మొదటిసారి ఎక్కించడానికి ఐదు రాత్రులు పట్టింది, పగలు ఆపి రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. నెట్ ప్లాన్‌లో నెలకి ఎంత లిమిట్ ఉందో చూసుకుని మొదలుపెట్టండి. ఇక్కణ్నుంచే ఎన్‌క్రిప్ట్ అయి వెళుతుంది కాబట్టి పాస్‌వర్డ్ పోతే బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు. దాన్ని కాగితం మీద రాసి, రెండు కవర్లలో పెట్టి, ఒకటి మా ఆవిడ దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర ఉంచాను.

నెలకోసారి, మొదటి శనివారం, ఏదో ఒక పాత ఫోల్డర్‌ని కాపీ నుంచి వెనక్కి తెచ్చి తెరిచి చూస్తాం. ఏది తెరవాలో మా జూనియర్ చీటీ తీస్తాడు. పోయిన నెల చీటీలో 2019 నాటి కల్యాణ మండపం వచ్చింది. కూకట్‌పల్లి డిస్కులోంచి తెచ్చాం. ఫోటోలు అన్నీ తెరుచుకున్నాయి, ఒక్కటీ చెడలేదు. లోగో ఫైల్ తెరిచాం. పెళ్లి పందిరి బొమ్మ చక్కగా ఉంది, దాని కింద మండపం పేరుండాల్సిన చోట ఏవో పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు, శాతం గుర్తులు. “కరప్ట్ అయిందా అన్నా?” అన్నాడు కుర్రాడు. కరప్ట్ కాలేదు. అప్పట్లో ఆ పేరు యూనికోడ్ కాని, ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు బొమ్మలు తొడిగిన పాత డీటీపీ తెలుగు ఫాంట్‌లో కొట్టాం, ఆ ఫాంట్ ఇప్పుడు మా ఏ సిస్టమ్‌లోనూ లేదు. ఫైలుని మూడు చోట్ల దాచాం, ఫాంట్‌ని ఒక్కచోటా దాచలేదు. ఆ శనివారం సాయంత్రం గవర్నర్‌పేటలో తెలిసిన డీటీపీ ఆయన దగ్గరికి పెన్‌డ్రైవ్ పట్టుకుని వెళ్లాను. ఆయన పాత కంప్యూటర్ ఆన్ చేసి, అది లేచేలోపు నాకు టీ చెప్పాడు.